మేనత్త అడిగిన జెర్సీ

మేలియామేకు రగ్బీ అంటే భయం. సిడ్నీ పడమటి శివార్లలో, అదీ పసిఫిక్ ద్వీపం టోంగానుంచి వచ్చినవాళ్ళ వీధిలో కాపురముంటూ ఈ మాట పైకి అనకూడదు. జాలరి ఇంటి ఆడది నీళ్ళంటే భయమని చెప్పుకున్నట్టుంటుంది. అందుకని ఆవిడ ఎవరితోనూ అనలేదు. వారమంతా లాండ్రీలో ఆస్పత్రి దుప్పట్లు ఉతికేది. వారం చివర క్లబ్బు కుర్రాళ్ళ జెర్సీలు ఉతికేది. మ్యాచ్ చూడటానికి వెళ్తే మాత్రం, ఇటు ఎనిమిదిమంది అటు ఎనిమిదిమంది తలలు దూర్చి నెట్టుకునే స్క్రమ్ పడినప్పుడల్లా వెనక్కి తిరిగి క్యాంటీన్ వైపు చూసేది. పెనం మీద సాసేజిలు మాడుతున్నాయేమోనని చూస్తున్నానని సాకు. ఏళ్ళ తరబడి ఆ సాకు చెల్లింది. ఆవిడకు సాసేజిల మీద అంత మక్కువేమిటో అని జనం నవ్వుకునేవారు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. కొన్నేళ్ళ కిందట వెనకవీధి కుర్రాడొకడు తలకు దెబ్బ తగిలిన కొద్దిరోజులకే మళ్ళీ ఆటలోకి దిగాడు. అంత పెద్ద దెబ్బేమీ తగలకుండానే కూలబడి మరి లేవలేదు. వాడి జెర్సీ మీది మట్టి వదిలేదాకా ఉతికి, ఇస్త్రీ చేసి, వాళ్ళమ్మ చేతిలో పెట్టింది మేలియామేనే. ఆ తల్లి జెర్సీని వాసన చూసి, సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదేమని అడిగింది.

ఆవిడకు పెళ్ళి కాలేదు. తమ్ముడు ఫెలెతి, మరదలు వికా, వాళ్ళ కొడుకు కవేంగా, ఇదే ఆవిడ లోకం. రెండిళ్ళు పక్కపక్కనే. అయినా తమ్ముడూ అక్కా ఒకే గదిలో కూర్చోరు, ఎదురెదురు మాట్లాడుకోరు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో వికా ఉండాలి. అది అలకా కాదు, పగా కాదు, మర్యాద. వయసొచ్చిన దగ్గర్నుంచి వాళ్ళ పద్ధతే అంత. ఇక మేనత్త సంగతి చెప్పనే అక్కర్లేదు. తమ్ముడి ఇంట్లో ఆవిడ మాటకు తిరుగులేదు. మేనల్లుడిది ఏ వస్తువైనా సరే, అడిగిందంటే ఇచ్చి తీరాలి, ఎందుకని అడగకూడదు. ఇంత అధికారం చేతిలో ఉండి మేలియామే ఆ ఇంటినుంచి అడిగి తెచ్చుకున్నదల్లా ఒక పాత చాపా, ఒక బొచ్చెడు కందదుంపలూను. అధికారమన్నా ఆవిడకు భయమే మరి.

రగ్బీ అకాడమీ తరఫున కుర్రాళ్ళను ఏరే డెస్ మల్కాహి, కవేంగాకు పద్నాలుగో ఏట వాళ్ళింటికి వచ్చాడు. ఆ పక్కంతా రగ్బీలోనే ఇంకో రకం, పదమూడుగురి ఆట వాళ్ళ రాజ్యం. వాళ్ళ కంటపడకముందే మంచి కుర్రాణ్ణి పదిహేనుగురి ఆటకు లాక్కుపోవడం అతని ఉద్యోగం. కుర్రాణ్ణి చూడటానికి వచ్చినవాడు ఫెలెతి పిక్కలూ వికా పొడుగూ చూశాడు, సంతలో గిత్తను బేరమాడేవాడు దాని తల్లిని చూసినట్టు. పెద్ద బడిలో చదువు చెప్పిస్తామన్నాడు, తిండి మాదే అన్నాడు, ఏదో ఒకరోజు దేశం జెర్సీ వేసుకుంటాడన్నాడు. అంతా విని వికా, మా వదినను అడగాలండీ, అంది. బేరం పెంచుతున్నారనుకుని డెస్ ఇంకో నాలుగు వరాలు కురిపించాడు. మేలియామేను పిలిచారు. వద్దనాలని ఉంది. కానీ వాకిట్లో తమ్ముడు తల వంచుకుని నిలబడి ఉన్నాడు, వాడి వీపు చూసి వద్దనలేకపోయింది. సరేనంది. ఆవిడ నోట ఆ ఇంటికి ఎప్పుడూ సరే తప్ప మరో మాట రాలేదు.

ఐదేళ్ళు గడిచాయి. కవేంగా తలుపులోంచి పక్కకు తిరిగి రావలసినంత మనిషయ్యాడు. స్క్రమ్ వెనక ఎనిమిదో నంబరు వాడిది. ఆ ఏడాది చలికాలం చివర్లో, అంటే అక్కడ ఆగస్టులో, ఒక శనివారం, ఆఖరి ఎంపిక మ్యాచ్ పెట్టారు. అందులో ఆడినవాళ్ళలో కొందరికే పెద్ద జట్టులో చోటు, మిగతావాళ్ళు ఇళ్ళకు. ముందు ఆదివారం చర్చిలో పాస్టరు వాడి పేరు పెట్టి ప్రార్థన చేయించాడు. ఫెలెతి వాళ్ళ మర్యాద ప్రకారం నడుముకు కొత్త చాప చుట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు.

ఆ వారమే, మంగళవారం ప్రాక్టీసులో, ఎవరిదో మోకాలు కవేంగా కణతకు తగిలింది. బుధవారం వాడు అత్త ఇంటికి భోజనానికి వచ్చాడు. వంటింట్లో కూడా నల్లకళ్ళద్దాలు తీయలేదు. సినిమా యాక్టరువయ్యావురా అని అత్త వెక్కిరించింది. చేమాకులో కొబ్బరిపాలూ మాంసమూ చుట్టి వండిన లూ వడ్డించింది. తింటూ, అత్తా, తాతయ్య సమాధికి పువ్వులు పెట్టారా, అని అడిగాడు. పెట్టామంది. కాసేపటికి మళ్ళీ అదే అడిగాడు. పెట్టామని చెప్పానుగా, అని నవ్వింది. చెయ్యి కడుక్కొచ్చి కూర్చుని, అదే గొంతుతో, అదే తీరున, మూడోసారి అడిగాడు. ఈసారి ఆవిడకు నవ్వు రాలేదు. పెట్టాం నాన్నా, అని మాత్రం అనగలిగింది.

గురువారం అకాడమీ డాక్టరు, హెలెన్ ప్రూయిట్ అనే ఆవిడ, వాణ్ణి పరీక్షించింది. కొన్ని మాటలు చెప్పి తిరిగి చెప్పమనడం, అంకెలు వెనకనుంచి చెప్పించడం, ఒంటికాలి మీద నిలబెట్టడం. ఈ పరీక్షే జనవరిలో, ఒంటిమీద ఏ దెబ్బా లేనప్పుడు, అందరికీ ఒకసారి పెట్టి ఉంచుతారు. దెబ్బ తగిలాక మళ్ళీ పెట్టి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. జనవరికీ ఇప్పటికీ ఏమీ తేడా లేదు, ఆడవచ్చు, అని డాక్టరు సంతకం చేసింది. ఫెలెతి ఇంట్లో పండగైంది.

మేలియామే ఒక్కతే ఆ కబురు విని కుర్చీలో కూలబడింది. జనవరి సంగతి ఆవిడకు తెలుసు. ఇదే వంటింట్లో, ఇదే బల్ల దగ్గర వాడు పగలబడి నవ్వుతూ చెప్పాడు. జట్టులో పెద్ద కుర్రాళ్ళు నేర్పారట. జనవరిలో తెలివి చూపించకూడదట, మొద్దులా తడబడాలట, ఒంటికాలి మీద తూలాలట. అప్పుడు చలికాలంలో తల అదిరినా, అంకెలు తప్పినా, ముందునుంచీ వీడింతేలే అని వదిలేస్తారట. నన్ను చూసి డాక్టరమ్మ జాలిపడిందత్తా, అని వాడు అంటే, ఆవిడ కూడా నవ్వి నెత్తిన ఒకటి మొట్టింది. అంటే వాడు ఇప్పుడు నిజంగానే, తూలినట్టు నటించిన ఆ జనవరి కుర్రాడంత మొద్దుబారి ఉన్నాడు.

పెరట్లో వాణ్ణి పట్టుకుని అడిగింది. వాడు తల దించుకున్నాడు.

"ఎవరికీ చెప్పకత్తా. శనివారం ఒక్కటీ గడవనీ. తర్వాత నువ్వు చెప్పినన్నాళ్ళు పడుకుంటా."

"తల నొప్పిగా ఉందా నాన్నా?"

"వెలుతురు పడట్లేదు, అంతే. నాన్న ముఖం చూశావా నువ్వు? పుట్టాక ఇంత నవ్వు ఎప్పుడైనా నవ్వాడా?"

చెబితే వాడు మోసగాడవుతాడు. వాడొక్కడే కాదు, అదే ఎత్తు వేసిన నాలుగు వీధుల కుర్రాళ్ళందరూ దొరికిపోతారు. చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించడానికే భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. శుక్రవారం వికా దగ్గర కూర్చుని కదిపి చూసింది. పిల్లాడు నీరసంగా ఉన్నాడు, ఈ ఒక్కసారికీ ఆగితే, అని నసిగింది. వికా బట్టలు మడతపెడుతూ, డాక్టరే బాగున్నాడంటే మీరెందుకు వదినా దిగులు పడతారు, స్క్రమ్ చూడలేని మనిషి మీరు, అంది. వెక్కిరింపుగా కాదు, ముద్దుగానే అంది. సాసేజిల గుట్టు మరదలికి ఎప్పుడో తెలుసన్నమాట. మేలియామే లేచొచ్చేసింది.

శనివారం మైదానంలో ఎండ బాగా కాసింది. జట్లు ఒళ్ళు వేడెక్కించుకుంటున్నాయి. మెత్తటి దిండ్లకు భుజాలు గుద్దే పని నడుస్తోంది. మేలియామే ఈసారి క్యాంటీన్ వైపు తిరగలేదు, రెప్ప వేయకుండా కవేంగానే చూసింది. వాడు ఒక గుద్దు గుద్ది, వెనక్కి నడిచి, తిన్నగా అవతలి జట్టు వరసలోకి వెళ్ళి నిలబడ్డాడు. వాళ్ళలో ఒకడు నవ్వి, భుజం పట్టి ఇటు తిప్పాడు. వాడూ నవ్వాడు. గోల్ స్తంభం దగ్గరికి వచ్చి దాన్ని ఒక చేత్తో పట్టుకుని కాసేపు ఆగాడు. మేలియామే పక్కనే ఉన్న డెస్ మల్కాహి అది చూసి మురిసిపోయాడు.

"చూశారా మేడమ్, ఎంత నిబ్బరమో! ఇంత పెద్ద రోజున జోకులేస్తున్నాడు."

ఆవిడ డాక్టరు గదికి పరుగెత్తింది. తాళం వేసి ఉంది. డాక్టరు మైదానం అవతలి అంచున సామాను సర్దుకుంటోందట. జట్లు అప్పటికే లోపలికి వెళ్ళిపోయాయి. కోచ్ ఒక్కొక్కరి పేరూ పిలిచి జెర్సీ చేతికిస్తాడు, వేసుకుని బయటకు పరుగెత్తుతారు, అంతే. ఆవిడ ఆటగాళ్ళ గది ముందుకు వచ్చింది. జనవరి సంగతి ఎత్తాలి. ఎవరు నమ్ముతారు, ఏమని మొదలుపెట్టాలి? తలుపు తోసింది. మగపిల్లలు బట్టలు మార్చుకునే చోట మేనత్త నిలబడటం ఎంత తప్పో ఆవిడకు తెలుసు. గడప మీదే నిలబడి చెయ్యి చాచింది.

"కవేంగా. ఆ జెర్సీ నాకు కావాలి."

గదిలో సగంమంది ద్వీపాల పిల్లలే. వాళ్ళ తలలు ఒక్కసారిగా వంగిపోయాయి. అప్పుడే జెర్సీ తొడుక్కున్న కవేంగా ముఖం పాలిపోయింది.

"అత్తా, వద్దు. ఇంకేమైనా అడుగు. ఇల్లడిగినా ఇప్పిస్తా."

"ఇంకేం వద్దు. అదే కావాలి."

కోచ్‌కు ఏమీ అర్థం కాలేదు. ఎవరీవిడ, ఎందుకొచ్చిందని కెప్టెన్‌ను అడిగాడు. కెప్టెన్ కూడా ద్వీపాలవాడే, సమోవా కుర్రాడు, తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు.

"వాళ్ళ మేనత్త, కోచ్."

"అయితే?"

"అయితే ఇంకేముంది. ఇచ్చెయ్యాలి."

వాడు జెర్సీ తలమీదుగా లాగి తీశాడు. రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ళు వంచి, అత్త చేతుల్లో పెట్టాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు. ఆవిడకూ ఏడుపొచ్చింది గానీ జెర్సీ వదల్లేదు.

కబురు క్షణంలో మైదానమంతా పాకింది. డాక్టరు పరుగున వచ్చి తాళం తీసి, ఇద్దరినీ తన గదిలోకి తీసుకెళ్ళింది. అప్పుడు మేలియామే జనవరి సంగతి మొత్తం కక్కేసింది. చెబుతున్నంతసేపూ వాడి ముఖం చూడలేదు. డాక్టరు కోప్పడలేదు. కుర్చీ లాక్కుని వాడికి ఎదురుగా కూర్చుంది. గది బయట ఫెలెతి వచ్చి, అక్క ఉన్న గదిలోకి రాలేక, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తమ్ముడి మాట వికా మోసుకొచ్చింది. వికా గొంతులో నిన్నటి ముద్దు లేదు.

"వదినా, మీ తమ్ముడు అడగమన్నాడు. మేం మీకేం అపకారం చేశామని?"

ఆ గదిలో కూర్చుని మేలియామే దేవుణ్ణి ఒకటే వేడుకుంది. తప్పు తనదే కావాలి. పిల్లాడు నిక్షేపంగా ఉండాలి. పిచ్చి భయంతో, పిరికితనంతో వాడి బతుకు చెడగొట్టిందని తమ్ముడూ మరదలూ, వాడూ, ఊరంతా చచ్చేదాకా తనను తిట్టుకోవాలి. అంతకన్నా ఇంకేమీ వద్దు.

డాక్టరు మెల్లగా అడగడం మొదలుపెట్టింది. ఇవాళ ఏ వారం? శనివారం, అన్నాడు. ఇది ఏ మైదానం? తడుముకోకుండా చెప్పాడు. ఎవరితో ఆట? అదీ చెప్పాడు. అంకెలు వెనకనుంచి నాలుగు చెప్పాడు, తప్పులేదు. గుమ్మంలో వికా నిట్టూర్చింది. మేలియామేకు అవమానంతో చెవులు వేడెక్కాయి. కానీ లోపల ప్రాణం లేచొచ్చింది. తప్పు తనదే. దేవుడు విన్నాడు. పిల్లాడికేమీ కాలేదు.

డాక్టరు వాడి ఒంటివైపు చూసి, మామూలుగా, కబుర్లలో అడిగినట్టు అడిగింది.

"మరి నీ జెర్సీ ఏదీ?"

కవేంగా వంగి తన చాతీ చూసుకున్నాడు. కాసేపు ఆలోచించాడు. తర్వాత మంచి పిల్లాడిలా నవ్వాడు.

"సగం ఆట అయ్యాక తీసేశారు డాక్టర్, నా బదులు ఇంకొకణ్ణి దింపారు." అత్తవైపు తిరిగాడు. "బాగా ఆడాను కదత్తా? నాన్న చూశాడా?"

బయట మైదానంలో ఆట మొదలుపెట్టే విజిల్ అప్పుడే ఊదారు.