ఆగిన బండికి చెయ్యి అడ్డం

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకో గట్టి నమ్మకం ఉండేది: విదేశం వెళ్ళి నాలుగు మంచి పద్ధతులు చూసొస్తే చాలు, బెంగళూరును ఒంటిచేత్తో బాగుచేసేయవచ్చని. (ఇప్పుడు రెండు చేతులూ చాలడం లేదు.) మాది రోడ్ల మీద నడిచేవాళ్ళ బాగోగులు చూసే చిన్న సంస్థ. పాదచారుల విధానాలు నేర్చుకుని రమ్మని మమ్మల్ని ఐరోపాలో ఒక చల్లటి ఊరికి పంపారు. బయల్దేరేముందు బెంగళూరు పక్కనున్న ఆనేకల్‌లో మా మేనత్తను చూడబోతే, ఆవిడ గుమ్మంలోనే కూర్చుని ఉంది. ఇంటి ముందు రోడ్డు వెడల్పు చేశాక, అవతలి వైపున్న స్నేహితురాలి ఇంటికి పోవడం మానేసింది. ఇద్దరూ ఒకే మగ్గాలశాలలో పనిచేసినవాళ్ళు. "ఆ దేశంలో ముసిలోళ్ళు రోడ్డు ఎట్ల దాటతారో చూసి రాప్పా. ఆయమ్మ ఎదురుగానే ఉండాది, చూస్తానే ఉండాను, పోలేకుండా ఉండాను" అంది. తప్పకుండా కనుక్కొస్తానని మాటిచ్చాను.

మా బృందానికి పెద్ద మా సారు. చెయ్యి అడ్డం పెట్టి బళేపేట రద్దీలోనైనా ఎంతమందినైనా దాటించగలడు కనుక, ఆయన్ను చాటుగా ఆపద్బాంధవుడు అనేవాళ్ళం. మొదటి రోజు పొద్దున్నే సమావేశానికి నడిచి బయల్దేరాం. రోడ్డు మీద తెల్లచారలున్నాయి, సిగ్నల్ లేదు. మేం అంచున నిలబడగానే ఒక కారు ఆగింది. "పాపం, బండి చెడిపోయినట్టుండాదప్పా" అన్నాడు సారు. కారులో ఆవిడ నవ్వి, వెళ్ళమని చెయ్యి ఊపింది. సారు మర్యాదస్తుడు, మీరే వెళ్ళండని తిరిగి ఊపాడు. ఆవిడ మళ్ళీ ఊపింది. ఈసారి మేమందరం ఊపాం. వెనక ఇంకో కారు, దాని వెనక బస్సు వచ్చి ఆగాయి. ఒక్క హారన్ లేదు! ఆ నిశ్శబ్దానికే మాకు చెమటలు పట్టాయి. మాకు దాటే ఉద్దేశం లేదని తెలియజెయ్యడానికి గోడవైపు తిరిగి నిలబడ్డాం. అయినా ఎవరూ కదల్లేదు. చివరికి సారు "నా ఎనకాలే రాండి!" అంటూ చెయ్యెత్తి పరుగు తీశాడు, ఆగి ఉన్న బళ్ళని ఆపుతూ! ఆ పరుగులో నా చెప్పు నడిరోడ్డు మీద ఊడిపోయింది. పోతేపోయిందిలే అనుకుని అవతలికి చేరాను. కారావిడ అద్దం దించి, నా చెప్పు వైపు వేలు చూపించి, నేను వెళ్ళి తెచ్చుకునేదాకా ఆగింది. అలా, రోడ్డు దాటడం గురించిన సమావేశానికి రోడ్డు దాటలేక ఆలస్యంగా వెళ్ళాం.

తిరిగొచ్చాక, అక్కడ కొన్నిచోట్ల చూసినట్టే అత్తవాళ్ళ ఇంటి ముందు రోడ్డును కాస్త ఎత్తుచేసి చారలు గీయించడానికి మేం తిరగని ఆఫీసు లేదు. (ఎత్తు వస్తే ఎంతటివాడైనా నెమ్మదించాల్సిందే.) ఎట్టకేలకు పని పూర్తయింది. అత్తను చెయ్యి పట్టుకుని అంచున నిలబెట్టాను. ఒక లారీ దూసుకొస్తోంది. ఇది ఆగకపోతే అత్త ఇక ఎప్పటికీ ఆ గుమ్మం దిగదని నాకు తెలుసు. లారీ ఎత్తు దగ్గర నెమ్మదించి, ఆగింది. అత్త చెయ్యి ఊపి "నువ్వు పో నాయనా, నీకు పనుంటాది" అంది. (ఈ విద్య మా రక్తంలోనే ఉంది.) "బన్ని అజ్జీ, నిధానవాగి బన్ని" అన్నాడు డ్రైవరు కన్నడంలో, రా అవ్వా, నిదానంగా రా అని. అత్త నా చెయ్యి విడిపించుకుని, కొంగు దోపుకుని నడిచింది. అవతల స్నేహితురాలు ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. నేనొకణ్ణి ఇవతల ఉన్నానన్న సంగతే మరిచిపోయి ఇద్దరూ లోపలికెళ్ళిపోయారు. నా అంత సంతోషపడ్డవాడు ఆరోజు ఆనేకల్‌లో ఇంకొకడు లేడు.

ఈమధ్య వైట్‌ఫీల్డ్‌లో కూడా అప్పుడప్పుడూ నాకోసం ఏదో ఒక కారు ఆగుతోంది. ఇన్నేళ్ళు ఈ పనిలో ఉన్నవాణ్ణి, ఠీవిగా నడవాలి కదా! కాలివేళ్ళతో చెప్పులు గట్టిగా బిగించుకుని, ఆగి ఉన్న కారుకు చెయ్యి అడ్డం పెట్టి, పరుగు తీస్తాను.