గుమ్మానికి అడ్డంగా కూర్చున్న పక్షి

ముప్పై ఏళ్ళుగా మ్యూజియం వెనక గదిలో ఆమెది ఒకటే పని. చచ్చిన పక్షుల తోలు ఒలిచి, లోపల దూది కూరి, బతికున్నట్టు నిలబెట్టడం. అందరూ పక్షులమ్మ అనేవారు. దీవులు తిరిగి పక్షుల్ని పరిశీలించే ప్రొఫెసరు గారు ఏటా పెట్టెల కొద్దీ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టేవారు. ఎగిరే పక్షిని తీరిగ్గా చూసిన పాపాన ఆమె ఎన్నడూ పోలేదు.

ఆ ఏడు ప్రొఫెసరు గారు, "ఈసారి నువ్వూ రామ్మా, వాటి ఇల్లు చూద్దువుగాని" అన్నారు.

తోడికోడలు పకపకా నవ్వింది. "బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది నీకు. పడవెక్కుతావా అక్కా?"

నిజంగానే పడవలో రెండు రోజులు నానా అవస్థ పడింది. దీవిలో వాళ్ళకు బస ఇచ్చిన ముసలావిడ, "గుమ్మంలోంచి కాదు, ఇటు రండి" అంటూ కిటికీ ఎక్కి ఇంట్లోకి దూరింది.

గుమ్మం నీడలో ఒక తెల్లటి సముద్రపక్షి గుడ్డు పొదుగుతోంది. తోకలో దారాల్లాంటి ఎర్రటి ఈకలు రెండు. మనుషులు బెత్తెడు దూరంలో నిలబడినా బెదరలేదు.

"ఇలా ఎన్నాళ్ళమ్మా?" అంది పక్షులమ్మ.

"పిల్ల ఎగిరిపోయేదాకా. నాలుగు నెలలు. మాకు కిటికీ ఉంది, దానికేముంది చెప్పు?"

పక్షులమ్మ చెప్పులు విప్పి కిటికీ దగ్గరికి నడిచింది.

మర్నాడు పొద్దున్నే మగపక్షి సముద్రం మీంచి వచ్చి వాలింది. నడవలేక, పొట్ట మీద పాక్కుంటూ గుమ్మం చేరింది.

"అయ్యో సార్! వీటికి నించోవడమే రాదు. మ్యూజియం అద్దాల పెట్టెలో వీటిని సిపాయిలా నిలబెట్టానే!" అని లెంపలేసుకుంది.

"చూసినవాణ్ణి నేను. నేనే నీకు చెప్పలేదు" అన్నారాయన.

అప్పుడే కొండకొమ్ము మీద పక్షుల గుంపు లేచింది. ఎదురుగాలికి రెక్కలాడిస్తూ ఒకటి గాలిలోనే వెనక్కి, వెనక్కి వెళ్ళి, గుండ్రంగా తిరిగి పైకి లేచింది. ఆమె అక్కడే చతికిలబడింది. అన్నం తినమని పిలిచినా వినిపించుకోలేదు.

ప్రొఫెసరు గారు వెళ్ళిపోయినా, దాచుకున్న సెలవులన్నీ పెట్టి ఆమె ఉండిపోయింది. మోకాళ్ళు కొట్టుకుపోతున్నా కిటికీ ఎక్కడం నేర్చుకుంది.

గుడ్డు పిల్లయి, నాలుగో నెల వచ్చాక ఒక మధ్యాహ్నం పిల్లపక్షి ఒంటరిగా పాక్కుంటూ కొండ అంచుకు చేరి గాలిలోకి జారింది. పడిపోయిందనుకుని పక్షులమ్మ కెవ్వుమంది. అది నీళ్ళను తాకబోయి, రెక్కలు విప్పుకుని దూరమైంది.

"ఏటా చూస్తాను. ఏటా నాకూ గుండె ఆగుతుంది" అంటూ ముసలావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.