పక్క జిల్లా వాళ్లం

మీ ఊరెక్కడ అని అడిగితే హనుమాన్ జంక్షన్ దగ్గర అంటాను. "అయితే కృష్ణా జిల్లానా, ఏలూరు జిల్లానా?" అని రెండో ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. జంక్షన్‌లో టీ కొట్టు ముందు నిలబడేవాళ్లలో సగం మంది ఆ జిల్లా, సగం మంది ఈ జిల్లా. అక్కడ ఎవరికీ పట్టింపు ఉండదు. పట్టింపంతా రోడ్డు దిగి పొలాల్లోకి వెళ్తే మొదలవుతుంది.

మాకూ పై ఊరికీ మధ్య ఒక మురుగు డ్రెయిను ఉంది. మ్యాపులో జిల్లా సరిహద్దు అదే. కృష్ణ నీళ్లు ముందు పై ఊరి పొలాలు తడిపి, డ్రెయిను మీద కట్టిన సిమెంటు తొట్టిలోంచి ఇవతలికి దాటి, మా పంట బోదెలో పడతాయి. మాది శివారు. శివారంటే అందరూ తాగి, కడుక్కుని, మిగిల్చినవి వాడుకునేవాళ్లం అన్నమాట. వానలప్పుడు మాత్రం సంగతి తిరగబడుతుంది. రెండు ఊళ్ల మురుగూ ఆ డ్రెయిన్లోనే పడి, మా ఊరి పక్కన మలుపు తిరిగి, ఒక తూము కిందుగా కొల్లేటి వైపు పోతుంది. ఆ తూము మా గట్టు పక్కనే ఉంది.

జనంలో తేడా ఏమీ లేదు. అటూ ఇటూ అవే ఇంటిపేర్లు, అవే చుట్టరికాలు. మా ఊరి సాయిబులు పై ఊళ్లో పెళ్లిళ్లకి వంటలు చేస్తారు. పై ఊరి వాళ్లు మా ఊరి మిల్లులో వడ్లు ఆడించుకుంటారు. పిల్లనిచ్చి పుచ్చుకునేటప్పుడు ఎవరికీ గుర్తుకురాని జిల్లా, నీళ్ల దగ్గర మాత్రం ఠక్కున గుర్తొస్తుంది.

నేను విజయవాడలో డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఏడు వానల్లేవు. కాలువకి నీళ్లు వంతులవారీగా వదిలారు. పై ఊరి వంతు అయిపోయి మా వంతు మొదలైన రోజు బోదెలో చుక్క రాలేదు. నాన్నా నేనూ వెళ్లి చూస్తే సిమెంటు తొట్టికి అడ్డంగా ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి. పట్టపగలు, దొంగతనమనే సిగ్గు కూడా లేకుండా! పేర్పించింది పై ఊరి పెద్దాయన. ఆ తొట్టి పక్క పొలం ఆయనదే.

ఆయన ఇంటికి వెళ్లాం. వరండాలో కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నాడు. కూర్చోమనలేదు. నాన్న చేతులు కట్టుకుని అడిగాడు. "నారుమడి ఎండిపోతోందండీ. ఒక్క పూట వదిలితే చాలండీ, బతికిపోతాం."

ఆయన గ్లాసు కింద పెట్టి, మీసం తుడుచుకుని, తాపీగా అన్నాడు. "మీరు పక్క జిల్లా వాళ్లు గదయ్యా. మీ జిల్లా వాళ్లని అడుక్కోండి నీళ్లు."

వరండాలో ఉన్న నలుగురూ నవ్వారు. నాన్న కూడా నవ్వబోయాడు, పాపం, అదేదో సరసం అనుకుని. ఆ నవ్వు సగంలో ఆగిపోయిన ముఖం నాకిప్పటికీ కళ్ల ముందే ఉంది. నారుమడి పోయింది. ఊడ్పులు లేవు. ఆ తర్వాత నాన్న మళ్లీ వరి వేయలేదు. పొలం చేపల చెరువుకి లీజుకిచ్చేసి, అరుగు మీద కూర్చుని, ఎవరితోనూ సరిగా మాట్లాడకుండానే పోయాడు. ఆ పెద్దాయన కాళ్లబేరానికి వచ్చే రోజు ఒకటి చూడాలి అని నేను పళ్లు నూరుకున్నాను. దేవుడికి దండం పెట్టినప్పుడు కూడా అదే అడిగేవాణ్ని. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ రోజు వచ్చింది. మొన్నటి తుపానుకి వానలు కుండపోతగా కురిశాయి. కోతకొచ్చిన చేలు పడిపోయి నీళ్లలో నానుతున్నాయి. నేను విజయవాడ గవర్నర్‌పేటలో మోటార్ల షాపు నడుపుతున్నాను. ఆ పొద్దున షట్టరు ఎత్తుతుంటే ఆటో దిగాడు పెద్దాయన. వంగిపోయాడు, చేతిలో గొడుగు, తెల్ల పంచె అంచుకి బురద. కుర్చీ వేశాను. మర్యాదకి కాదు, తీరిగ్గా అడిగించుకుందామని.

"తూముకి గుర్రపు డెక్క అడ్డం పడింది అబ్బాయ్. నీళ్లు కదలట్లేదు. కింద నుంచి తీసుకుంటూ రాకపోతే పైన ఎంత తీసినా లాభం లేదు, నీకు తెలియందేముంది. పొక్లెయినొచ్చింది. అది తూము దాకా వెళ్లాలంటే మీ గట్టు మీద నించే దారి. లీజుదారు నిన్నడగమన్నాడు."

డెక్క తీయడం ఎప్పుడూ కింది ఊరి నుంచే మొదలవ్వాలి. మా తాతల నాటి నుంచీ అదే పద్ధతి. కిందివాళ్లు నోరు తెరిస్తేనే పైవాళ్ల నీళ్లు దిగుతాయి.

నాకు లోపల పండగలా ఉంది. గొంతు సవరించుకుని, ఒక్కో మాటా ఒత్తి పలికాను. "మీరు పక్క జిల్లా వాళ్లు గదండీ. మీ జిల్లాలోంచే పంపుకోండి నీళ్లు."

ఆయన ముఖంలో నేను ఎదురుచూసినదేమీ కనబడలేదు. అర్థంకానట్టు చూశాడు, "పెద్దవాణ్ని, అడిగాను" అని గొణిగి, ఆటో ఎక్కాడు. పోన్లే అనుకున్నాను. కసి తీరా చూడాలంటే పొలం దగ్గరికే వెళ్లాలి. మధ్యాహ్నం షాపు కుర్రాళ్లకి అప్పగించి ఊరికి బయల్దేరాను.

గట్టెక్కి చూశాను. అవతల ఆయన పొలం చెరువైపోయింది. కంకులు నీళ్ల మీద తేలుతున్నాయి. హమ్మయ్య అనుకున్నాను, నిజంగానే పైకే అన్నాను. అప్పుడే ఆ నీళ్లలోంచి మోకాళ్ల దాకా బురదతో ఒకావిడ తొట్టి మీదుగా మా గట్టు మీదికి వచ్చింది. మా ఊరి అక్కే. మా పక్కింటావిడ. ఎండిన నారుమడి దగ్గర అమ్మతో పాటు కూలబడి ఏడ్చిన మనిషి.

"నువ్విక్కడేం చేస్తున్నావక్కా?"

"నా చేలో నేనుంటే అదేం ప్రశ్న తమ్ముడూ! ఆయన ఈ పొలం దున్ని ఎన్నేళ్లయింది? కౌలుకి చేసేది మేమేగా. ఇటు మనూళ్లో చెరువులు తవ్వేశాక వరికి చోటెక్కడుంది? మనోళ్లు సగం మంది అవతలే కౌళ్లు చేస్తున్నారు. పండినా మానినా ఆయన కౌలు ఆయనకి పోయాల్సిందే." ఒక కంకి తెంపి నా అరచేతిలో పెట్టింది. గింజకి తెల్లగా మొలక. "ఇంకొక్క రోజు నిలిస్తే మొత్తం ఇంతే. దారి ఇవ్వనన్నావంట. నిజమేనా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. విజయవాడలో ఉండే నేను, ఊరికొచ్చినప్పుడల్లా గొడుగేసుకుని గట్ల మీద తిరిగే ఆ తెల్ల పంచెని చూసి, ఇంకా ఆయనే సాగు చేస్తున్నాడనుకున్నాను. నేను ముంచింది ఆయన్ని కాదు. ముంచేటప్పుడు కూడా ఆయన పొడి నేల మీదే ఉన్నాడు! లీజుదారుకి ఫోన్ చేసి పొక్లెయిన్ని వదలమన్నాను.

తూము నోట్లోంచి డెక్క మోపులు మోపులుగా పైకొచ్చింది. నీళ్లు ఒక్కసారిగా దూకాయి. జనం కేకలు వేశారు. ఆ సందట్లో పెద్దాయన గొడుగుతో వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "మంచి పని చేశావయ్యా. మీ నాన్న కూడా ఇంతే, మెత్తనోడు."

ఆ చెయ్యి విదిలించేశాను. అందరి ముందూ అరిచాను. ఇసుక బస్తాలు, వరండా, కాఫీ, నవ్వులు, పక్క జిల్లా మాట, అన్నీ.

ఆయన గొడుగు ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నేనా? అట్టా అన్నానా?" నటించలేదు. నిజంగానే గుర్తులేదు. "ఆ ఏడు అందరికీ కష్టమే కదయ్యా. ఎవరు చూశారు అదంతా?"

"అక్కా, నువ్వు చెప్పు," అన్నాను. "బస్తాలు నువ్వు కూడా చూశావు. మా అమ్మ దగ్గరే ఉన్నావు."

అక్క నా వంక చూసింది. ఆయన వంక చూసింది. వచ్చే ఏడు కౌలు ఎవరికివ్వాలో చెప్పేది ఆయనే.

"ఎప్పటి మాటో తమ్ముడూ, నాకు గుర్తులేదు," అని, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, తొట్టి దాటి చేలోకి దిగి పడిపోయిన కంకులు లేపడం మొదలెట్టింది.