నడుమ అంకె

నా భార్య సుజాత పోయి ఏడాది. దబీర్‌పురాలో పాల దుకాణం నడిపే ఆమె అన్న, మా బావ, రమ్మని కబుర్లు పంపుతూనే ఉన్నాడు. నేను బయల్దేరింది ఆయన కోసం కాదు. విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందన్న విషయం మీద కంచన్‌బాగ్‌లో ఉపన్యాసం ఉందని పేపర్లో చూశాను. సుజాత సైన్సు టీచరు. ఉంటే తప్పకుండా వెళ్లేది.

మహబూబ్‌నగర్‌లో పొద్దుటి పాసింజరెక్కాను. చోటు సులభంగానే దొరికింది. ఎదురుగా గాజుల మూటతో కూర్చున్న ముసలామె ఎక్కడికని అడిగింది. ఉపన్యాసం వినడానికని చెప్పాను.

"మాటలు వినెటందుకు టికెట్ గూడ కొన్నవా బిడ్డా?" అని నవ్వింది.

మధ్యాహ్నానికి దబీర్‌పురాలో దిగాను. బావ స్టేషన్‌కే వచ్చాడు. ఇంట్లో అన్నం, పచ్చిపులుసు, గడ్డపెరుగు. సాయంత్రం తనూ చెప్పులేసుకున్నాడు. "చెల్లెకు నచ్చిన ముచ్చట గదా బావా, నేను గూడ వింట."

ఆటో అతను ఆరు రూపాయలన్నాడు. బావ నాలుగన్నాడు. "నీదొద్దు, నాదొద్దు. ఐదు చేస్కో భాయ్."

బస్తీలో ఏ లొల్లి అయినా ఆయన ఇలాగే తీరుస్తాడు. నిరుడు సుజాత విషయమూ ఇలాగే తీర్చాడు. వెంటనే ఆపరేషన్ చేయాలని ఒక డాక్టరు, ఆరు నెలలు మందులతో చూడాలని ఇంకొక డాక్టరు అన్నారు. బావ మూడు నెలలన్నాడు. పెద్దలంతా మెచ్చుకున్నారు. మూడో నెల నిండకుండానే ఆమె పోయింది.

గోడ మీద 1985 క్యాలెండరున్న హాలు సగం నిండింది. బక్కపలచని లెక్చరర్ బోర్డు మీద విశ్వం విస్తరించే వేగానికి రెండు అంకెలు రాశాడు. ఒకటి రెండోదానికి రెట్టింపు. ఒక వర్గం లెక్కన విశ్వం వయసు సుమారు వెయ్యి కోట్ల ఏళ్లు, మరో వర్గం లెక్కన రెండు వేల కోట్లు. ఎవరికి వారు తమ కొలతలో పెద్ద తప్పేమీ లేదంటున్నారట.

బావ లేచాడు. "సార్, గింత లొల్లెందుకు? నడుమ అంకె వేస్కుంటే అయిపాయె గదా!"

అందరూ నవ్వారు. లెక్చరర్ నవ్వలేదు. "చాలామంది అదే వాడుతున్నారండి. కానీ ఆకాశంలో దాన్ని ఎవరూ కొలవలేదు. రాజీ కుదిరితే, తప్పెక్కడుందో వెతకడం మానేస్తాం."

బావ మెల్లగా కూర్చున్నాడు. తర్వాత నావైపు చూడలేదు. తిరుగు ఆటో అతను ఏడు రూపాయలన్నాడు. బావ బేరమాడకుండా ఎక్కాడు.

రాత్రి వాళ్లింట్లోనే పడుకున్నాను. పొద్దున రైలు కదలబోతుంటే ఆయన కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"మళ్ల వస్తవా బావా?"

వస్తానని నా నోట రాలేదు. రానని అనడానికి ఆయన ముఖం అడ్డొచ్చింది.

"చూద్దాం," అన్నాను.

యాకుత్‌పురా స్టేషన్ దాటినా ఆ నడుమ మాట చేదు పోలేదు.