చందమామకు మూతి ఉంటదా?

పాత చేతిగడియారాల వయసు, అసలుదనం తేల్చడం నా పని. నా వయసడిగితే మాత్రం నకిలీదే చెబుతాను. ఆ పని మీదే విశాఖ నుంచి మిర్యాలగూడ వెళ్లాను.

"మా నాయన నకిలీది కొన్నడని చుట్టాలు నవ్వుతున్నరు. జర సూసి చెప్పు సారూ" అంటూ గడియారం చేతికిచ్చింది ముసలి మల్లమ్మ.

యంత్రం, స్టాప్‌వాచ్ మీటలు అసలువే. కానీ డయల్లో పున్నమికీ అమావాస్యకీ తిరిగే చందమామకు కంపెనీ వేసిన మనిషి ముఖం లేదు. కుందేలుంది.

"అంతా అసలుదే. చందమామనే ఎవరో మార్చారమ్మా."

"మా నాయనే గీయించిండు. చందమామకు ముక్కు, మూతి ఉంటయా? కుందేలుంటది. తప్పు దిద్దితే నకిలీ అయితదా?"

"కంపెనీ ముఖమే మళ్లీ వేయిస్తే ఎవరూ నవ్వరు..."

"అసలు వేయనియ్య!" గడియారం లాక్కుంది. "నవ్వెటోళ్లను పైకి సూడమను."

సాయంత్రం రైలు కిటికీలోంచి పైకి చూశాను. పున్నమి చంద్రుడిలో కుందేలే ఉంది. చిన్నబోయిన ముఖం నాదొక్కటే.