రెజైనా పంపు

ఫిబ్రవరిలో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ రోజంతా ఆగి ఆగి తిరుగుతుంది. మొదలైనప్పుడు చిన్న గురక, తరవాత ఒకే తీరున మోత. ఆ మోతలో కొంచెం తేడా వచ్చినా చేస్తున్న పని ఆపి వింటాను. "ఏమీ కాలేదు, తినండి" అంటుంది మా ఆవిడ. యంత్రాల శబ్దాన్ని ఇలా భయపడుతూ వినడం పద్మావతి గారి దగ్గర పనిచేశాక వచ్చిన అలవాటు. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది.

కేంబ్రిడ్జ్‌లో మా ఆఫీసు పని, డయాలసిస్ కేంద్రాలకు నీళ్లు శుద్ధి చేసి ఇచ్చే యంత్రాల విడిభాగాలు అందించడం. పంపులు, వాల్వులు, ఫిల్టర్లు. అన్నీ ఒకచోట పెట్టుకునే గోదాము మాకు లేదు. ఒకటి విన్నిపెగ్‌లో డీలరు షాపులో ఉంటుంది, ఒకటి రెజైనా ఊళ్లో ఆస్పత్రి స్టోర్‌రూములో, ఇంకొకటి ఎవరో టెక్నీషియన్ వ్యానులో. కంప్యూటరు మాత్రం వాటన్నిటినీ కలిపి ఒకే గోదాములా చూపిస్తుంది. వర్చువల్ వేర్‌హౌస్ అంటారు దాన్ని. ఎవరికి ఏది కావాలన్నా ఎక్కడుందో చూసి, అక్కడి నుంచి పంపిస్తాం. పద్మావతి గారు మా మేనేజరు. విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదివి, కొన్నేళ్లు డెట్రాయిట్‌లో పనిచేసి, సరిహద్దు దాటి ఇటు వచ్చారు. అరవై దాటినా రిటైరవలేదు. కరీంనగర్ నుంచి వచ్చిన నాకు ఈ దేశంలో మొదటి బాస్ ఆవిడే.

నేను చేరిన మొదటి చలికాలంలో ఒక ఫిల్టరు విన్నిపెగ్‌లో ఉందని స్క్రీన్ మీద చూసి, అడిగిన ఆస్పత్రికి ఫోన్ చేయబోతున్నాను. ఆవిడ వెనక వచ్చి నిలబడ్డారు.

"రాత్రి ఎక్కడ పడుకుందది?"

"ఎవరండీ?"

"నీ ఫిల్టరు."

"విన్నిపెగ్‌ల ఉందండీ. సిస్టమ్‌ల గ్రీన్ చూపిస్తుంది."

"విన్నిపెగ్ పెద్ద ఊరు నాయనా. గదిలో పడుకుందా, వ్యానులో పడుకుందా? దాని లోపల తడి ఉంటుంది. గడ్డకట్టిందా, ఇంక పనికిరాదు. పైకి మాత్రం కొత్తగానే కనిపిస్తుంది. గ్రెగ్‌ని అడుగు."

అక్కడి టెక్నీషియన్ గ్రెగ్‌కి ఈ ప్రశ్న కొత్త కాదు. "వ్యానులోనే పడుకుంది. దుప్పటి కప్పడం మర్చిపోయానని మీ బాస్‌కి చెప్పు" అని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. దాన్ని పారేయించి ఇంకోటి వెతికించారు.

మరుసటి జనవరిలో సస్కాచెవాన్ రాష్ట్రంలో ఉత్తరాన ఒక చిన్న ఊరి కేంద్రంలో నీటి పంపు ఆగిపోయింది. నీళ్లు లేకపోతే డయాలసిస్ లేదు. మర్నాడు మంచు తుఫాను అంటున్నారు. పంపు అందకపోతే అక్కడి రోగులను ఆ తుఫానులో అంబులెన్సులెక్కించి గంటల తరబడి తీసుకుపోవాలి. దగ్గర్లో సరిపడే పంపు ఒక్కటే ఉంది. అది రెజైనా ఆస్పత్రి కోసం అక్కడ పెట్టిన స్పేరు.

"మధ్యాహ్నం ఫ్లైట్‌కి ఎక్కించేస్తానండీ" అన్నాను.

"రెజైనా వాళ్లని అడిగావా?"

"అడుగుడెందుకండీ? స్టాక్ మనదే కదా."

"స్టాక్ మనదే. ఖాళీ అయ్యేది వాళ్ల షెల్ఫు. వాళ్ల పంపు రేపు ఆగిందనుకో. స్పేరు ఉందనుకుని స్టోర్‌రూము తలుపు తీసిన మనిషి గతేమిటి?"

ఆవిడే ఫోన్ చేశారు. రెజైనాలో డయాలసిస్ విభాగం చూసే నర్సు మార్లీన్. స్పీకర్‌లో ఆమె గొంతు మా గది అంతా వినపడింది. మా పంపు పాతదని మీకు తెలియదా, నా దగ్గరున్న వాళ్లు రోగులు కారా, ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని మా షెల్ఫు ఊడ్చేస్తే రేపు సమాధానం ఎవరు చెబుతారు అని దులిపేసింది. పద్మావతి గారు మధ్యలో అడ్డు రాలేదు. ఆమె ఆగాక నెమ్మదిగా అన్నారు.

"నీ కోపం న్యాయమే మార్లీన్. అయినా తీసుకుంటున్నాను. నీకు కొత్తది చేరేదాకా రోజూ పొద్దున నేనే ఫోన్ చేస్తాను."

"తీసుకుపొండి" అంది మార్లీన్.

తుఫాను కన్నా ముందే పంపు చేరింది. సాయంత్రానికి ఆ చిన్న ఊళ్లో నీళ్లు వచ్చాయి. నేను ఊపిరి పీల్చుకున్నాను. పద్మావతి గారు మాత్రం కుదుటపడలేదు. రెజైనాకి వెళ్లాల్సిన కొత్త పంపు ఉన్న ట్రక్కు, రోడ్లు మూసేయడంతో దారిలో ఆగిపోయింది. అది ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆవిడ రోజూ పొద్దున మార్లీన్‌కి ఫోన్ చేసి, ఫోన్‌ని పంపు దగ్గర పెట్టమనేవారు. కళ్లు మూసుకుని వినేవారు. మధ్యాహ్నం డబ్బా తెరిచి, పెరుగన్నం ఒక ముద్ద తిని మూసేసేవారు. ఎవరు పలకరించినా ముందు ఉలిక్కిపడేవారు.

ఒక పొద్దున ఆ మోతలో గరగరమని ఇంకేదో కలిసింది. ఆవిడ బల్ల అంచు పట్టుకున్నారు.

"మార్లీన్, ఏమిటది?"

"మంచు తోసే బండి పద్మా. కిటికీ కింద పోతోంది."

"నిజంగా?"

"కావాలంటే డ్రైవర్‌ని పిలిచి మాట్లాడించనా?"

నేను నవ్వాను. పద్మావతి గారు చెయ్యెత్తి నన్ను ఆపి, ఆ బండి దాటిపోయి పంపు మోత ఒక్కటే మిగిలేదాకా విన్నారు.

"ఇంత టెన్షన్ ఎందుకండీ? ఎట్లాగూ తీసుకున్నాం కదా" అన్నాను ఆ తరవాత.

"తీసుకున్నాం కాబట్టే" అన్నారు.

చివరికి పంపు చేరింది. పెట్టె విప్పి చూసి మార్లీనే ఫోన్ చేసింది. ఆవిడ థాంక్స్ చెప్పి, వాష్‌రూముకి వెళ్లి చాలాసేపటికి ముఖం కడుక్కుని వచ్చారు. "ఆకలేస్తోంది శ్రీధర్. తినడానికేమైనా ఉందా?" అని అడిగారు.

ఇప్పుడు ఏ షెల్ఫు ఖాళీ చేయాలో సాఫ్ట్‌వేరే తేలుస్తుంది. ఖాళీ అయిన చోటికి మెసేజ్ కూడా అదే పంపుతుంది. ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదని పైనుంచి చెప్పారు. నేను చేస్తూనే ఉన్నాను. మొన్న విన్నిపెగ్‌లో మిగిలిన ఒక్క ఫిల్టరూ వేరే ఊరికి వెళ్లింది. అక్కడి కేంద్రానికి ఫోన్ చేస్తే కొత్తగా చేరిన నర్సు తీసింది.

"నేను వద్దంటే ఆపుతారా?"

"ఆపను."

"మరి నాకెందుకు చెబుతున్నారు?"

ఆమె ఫోన్ పెట్టేయలేదు. పేర్లు చెప్పకుండా తన రోగుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఒకాయన ఎంత దూరం నుంచి డ్రైవ్ చేసుకుని వస్తాడో, ఒకావిడ ఒక్క రోజు తప్పితే ఎలా అయిపోతుందో. గొంతులో కోపం అలాగే ఉంది. చెప్పినంతసేపూ విన్నాను. ఆమెకు వెళ్లాల్సిన ఫిల్టరు ఇంకా దారిలోనే ఉంది. రేపు పొద్దున మళ్లీ ఫోన్ చేయాలి.