శనివారం కొనని కడ్డీ

బళేపేట సందులో మా ఇనుప సామాన్ల కొట్టుకు శనివారం బేరాలు తక్కువ. ఆ రోజు ఇనుము కొంటే శనిని ఇంటికి పిలుచుకున్నట్టేనని మా వైపువాళ్ళ నమ్మకం. ఇల్లు కట్టేవాళ్ళు తలుపు బందులూ, గొళ్ళేలూ శనివారం ఎంచి పక్కన పెట్టించి, సోమవారం వచ్చి తీసుకుపోతారు. నాయన మాత్రం కొట్టు మూయడు. దోషం కొనేవాడికే గానీ అమ్మేవాడికి కాదట. ఈ శాస్త్రం రాసినవాడెవడో వ్యాపారస్తుడే అయ్యుంటాడని అమ్మ ఎగతాళి చేసేది.

నాయనకు ఇంకో పట్టింపు ఉంది. కొట్టులోంచి ఇంటికి ఒక మేకు తెచ్చుకున్నా, జేబులోంచి దాని వెల తీసి గల్లాపెట్టెలో వేయాలి. ఊరికే తీసుకుంటే కొట్టు లక్ష్మి అలుగుతుందని ఆయన భయం. అంటే మా సరుకు మేమే కొనుక్కోవాలి. అందుకే హొసకోటెలో మా ఇంటి కిటికీలకు కొక్కేలు లేవు. గాలికి కొట్టుకోకుండా గుడ్డ పీలికలు కట్టి ఉంటాయి. దీపం కింద చీకటి అంటే మా ఇల్లే.

అమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి. స్నానాలగదిలో పీట మీద నుంచి లేవాలంటే గోడ తడుముకునేది. ఒక శుక్రవారం తలంటుకుని లేస్తూ జారి, కుళాయి పట్టుకుని ఆగింది. సాయంత్రం నాయనా నేనూ కొట్టు నుంచి రాగానే మొదలుపెట్టింది.

"కొట్టునిండా కడ్డీలు ఏలాడదీసుకోనుండావు. మన గోడకొకటి కొట్టీరాదా? ఈ పొద్దు జారితి. పడింటే ఎత్తేవాళ్ళు గూడా లేరు."

నాయన ముఖం పాలిపోయింది. "రేపే తెస్తా" అన్నాడు. మరునాడు శనివారమన్న సంగతి ఆ గాబరాలో గుర్తు రాలేదు.

శనివారం కొట్టులో స్టీలు కడ్డీలన్నీ దించి ఒక్కొక్కటే పట్టి, లాగి చూశాడు. అమ్మ చెయ్యి చిన్నది, ఆమె గుప్పిటకు అందాలని అన్నిటికన్నా సన్నటిది ఎంచాడు. పాత పేపరులో చుట్టాడు. స్క్రూలు పొట్లం కట్టాడు. జేబులో చెయ్యి పెట్టి ఆగిపోయాడు.

"ఈ పొద్దు శనివారం గదా పాపా."

"స్టీలుకేం దోషం నాయనా?"

"స్టీలు గూడా ఇనుమే. మీయమ్మ కోసరం తీసుకుపోయేదాంట్లో శనిని చుట్టుకోని పోతామా? సోమారం తీసుకుపోదాం."

"అట్లయితే దుడ్డు వెయ్యొద్దు. మన సరుకే గదా, కొన్నట్టు ఎట్లయితాది?"

"ఊరికే తీసుకుంటే ఇంగా తప్పు. సుమ్నే ఉండు, మాట్లాడొద్దు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ పొట్లాన్ని గల్లాపెట్టె పక్కనే వదిలి షట్టరు దించాం. ఆదివారం కొట్టు తెరవం. నేను విసుక్కుంటూ బస్సెక్కాను.

ఆదివారం పొద్దున అమ్మ పడింది. ఈసారి కుళాయి అందలేదు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు గానీ మళ్ళీ తన కాళ్ళ మీద నిలబడలేదు. మంచంలోనే పుండ్లు పడి, జ్వరాలొచ్చి, వానలు వెలవకముందే పోయింది. నాయనను ఒక్క మాట కూడా అనలేదు. "దేవుడు నా తలరాత శనివారమే రాసినట్టుండాడు లే" అని నవ్వింది. తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలికయ్యేది.

ఆమె ఇంకా ఆసుపత్రిలో ఉండగానే, సోమవారం నాయన గల్లాపెట్టెలో వెల వేసి కడ్డీ తెచ్చి గోడకు కొట్టించాడు. దాని మీది ప్లాస్టిక్ పొర కూడా ఒలవనివ్వలేదు. ఆమె వచ్చి ఒలుచుకుంటుందన్నాడు. చుట్టాలు చూసి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడన్నారు. నేను వాళ్ళ మీద కస్సుమన్నాను. అనాలంటే నేననాలి, నేనే అనలేదు.

ఇప్పుడు శనివారాల్లో ఎవరైనా కడ్డీ ఎంచి, సోమవారం వస్తామని లేస్తే నాయన వాళ్ళను పోనివ్వడు. పొట్లం చేతిలో పెడతాడు. "దుడ్డు మళ్ళా ఇద్దువు. ఇచ్చేదాకా నువ్వు కొన్నట్టు గాదు. పెద్దోళ్ళుండే ఇల్లప్పా, ఈ పొద్దే కొట్టించు" అంటాడు. ఆ ఉపాయం అమ్మ ఉండగా ఎందుకు తోచలేదో నేనడగను. ఆయన తనను తాను రోజూ అడుగుతూనే ఉంటాడు.

ఇప్పుడు నాయన కాళ్ళు కూడా వణుకుతున్నాయి. అయినా ఆ కడ్డీని ముట్టడు, గోడే తడుముకుంటాడు. ఇంకో మనిషిని కూడా ఆ స్నానాలగది వల్లే పోగొట్టుకుంటానేమోనని నాకు భయం. మొన్న పొద్దున పీట మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటూ లేవలేకపోయాడు. తలుపు తీసే ఉంది. నేను పరిగెత్తాను.

"పట్టుకో నాయనా! నీ ఎదురుగానే ఉండాది గదా!" అని అరిచాను.

"అది మీయమ్మది పాపా. ఆమె పట్టుకోనిది నేనెట్ల పట్టుకునేది?"

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ ప్లాస్టిక్ పొరను గోళ్ళతో చింపి పారేశాను. కడ్డీని నేనే పట్టుకున్నాను. గుప్పిటకు సరిగ్గా సరిపోయింది. నాది అమ్మ చెయ్యే. నాయన కడ్డీని కాదు, దాని మీదున్న నా చేతిని పట్టుకుని లేచాడు.